రెండో అంతస్తులో కదలని మనిషి

ఆఫీసులో ఆమెకు ముఖం మీద పేరు మేడం, వెనక పేరు మిల్లీమీటరమ్మ. ఆ వెనక పేరు ఆమెకూ తెలుసు. కోపమేమీ లేదు. గోడ మందం రెండు వందల ముప్పై మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట రెండు వందల ఇరవై ఎనిమిది ఉంటే ఆమెకు అన్నం సయించదు. ఆ రెండూ ఎక్కడికి పోయాయో పట్టుకుని, చెవి మెలిపెట్టి తీసుకొచ్చేదాకా నిద్ర పట్టదు. అలాంటి మనిషికి ఇంకో పేరు పెట్టినా అతకదు.

పందొమ్మిదో ఏట ఒక ఆర్కిటెక్టు దగ్గర ట్రేసింగ్ పనికి చేరింది. ఏటవాలు బల్ల మీద పల్చటి కాగితం పరిచి సిరాతో గీతలు గీయడం, తప్పు పడితే ఊపిరి బిగబట్టి బ్లేడుతో గోకడం ఆ పని. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. తోటివాళ్ళు "ఇది మన వల్ల అయ్యే పని కాదులే" అని పక్కకు తప్పుకున్నారు. ఆమె తప్పుకోలేదు. నలభై దాటాక గీతల కాలం కూడా పోయి, కట్టడాన్ని కట్టకముందే తెరమీద నిలబెట్టే త్రీడీ మోడల్ వచ్చింది. అదీ నేర్చుకుంది. ఇప్పుడు గోడంటే రెండు గీతలు కావు. తెరమీది గోడకు తన ఎత్తు తెలుసు, మందం తెలుసు, తనను ఏ ఇటుకతో కట్టారో తెలుసు. పైపు వెళ్ళే దారిలో దూలం అడ్డొస్తే మోడల్ ఎర్రగా మారి గోల పెడుతుంది. సైటులో మేస్త్రీలు తిట్టుకోవాల్సిన తిట్లన్నీ ముందే తెరమీద తీరిపోతాయి.

ఇల్లు చిన్నది. రెండు గదులు, వంటిల్లు, వీధివైపు చెప్పుల బల్ల పట్టేంత బాల్కనీ. అందులో అక్కా తనూ ఇరవై రెండేళ్ళు ఉన్నారు. అక్క తొమ్మిదేళ్ళు పెద్దది, ఊళ్ళోని పాత ఆసుపత్రిలో నర్సు. తల్లి చిన్నప్పుడే పోతే చెల్లెలికి జడ వేసిందీ, బడికి పంపిందీ, జ్వరం వస్తే తడిగుడ్డ వేసిందీ అక్కే. సంబంధాలు రాకపోలేదు. "ముందు దీన్ని ఒక గట్టున పడేయనీ" అనేది అక్క. "అక్క సంగతి తేలనీ" అనేది చెల్లెలు. ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఇద్దరూ ఆ వయసు దాటిపోయారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనుకోలేదు.

రిటైరవడానికి నాలుగు నెలలుందనగా అక్క పోయింది. డ్యూటీ గదిలో రిజిస్టరు రాస్తూ రాస్తూ ఒక పక్కకు ఒరిగిపోయిందట. మెదడులో నరం చిట్లిందన్నారు. చుట్టూ డాక్టర్లే ఉన్నారు, ఏమీ చేయలేకపోయారు.

ఆ తర్వాత ఆఫీసువాళ్ళు జాలిపడి, "ఇంటి దగ్గర నుంచే చేసుకోండి మేడం" అన్నారు. అది మేలనుకుంది. ఏడాదిన్నర గడిచేసరికి ఇల్లు ఆమెను మింగేసింది. పొద్దున లేచి కంప్యూటర్ ముందు కూర్చుంటే సాయంత్రానికి మెడ తిప్పడం, అంతే. ఒకరోజు సరదాకి, నోరు తెరిచి ఎన్ని మాటలు మాట్లాడిందో లెక్కపెట్టుకుంది. పదకొండు. అందులో నాలుగు కూరగాయల ఆవిడతో. మిగిలిన ఏడూ ప్రెషర్ కుక్కర్‌ను తిట్టినవి.

అలాంటి రోజుల్లో పాత ఆసుపత్రి పని వచ్చింది.

ఆ భవనాన్ని పడగొట్టకుండా బాగుచేయాలన్నది నిర్ణయం. మొదట కట్టినప్పటి డ్రాయింగుల్లో సగం చెదలు తినేశాయి. అందుకని మూడేళ్ళ కిందటే ఒక మనిషి వచ్చి, మూడు కాళ్ళ మీద నిలబడే స్కానర్‌తో గదిగదికీ తిరిగి భవనమంతా కొలిచి వెళ్ళాడు. ఆ యంత్రం తలకాయ గిర్రున తిరుగుతూ చుట్టూ కనిపించే ప్రతిదాని మీదా కాంతి విసురుతుంది. కాంతి తగిలిన ప్రతి చోటూ ఒక చుక్క. అలా కోట్ల కొద్దీ చుక్కలు. తెరమీద అవన్నీ కలిసి బూడిదరంగు మబ్బులా కనిపిస్తాయి. దగ్గరికి వెళ్తే మబ్బు విడిపోయి గోడలు, కిటికీలు, ఫ్యాన్లు, మంచాలు తేలుతాయి. ఆ చుక్కల మీద గోడకు గోడ, స్తంభానికి స్తంభం నిలబెట్టి మోడల్ తయారుచేయాలి. అప్పట్లో మంజూరు రాక పని మూలపడింది. ఇప్పుడు వచ్చింది. వార్డులన్నీ కొత్త బ్లాకులోకి మారాయి.

"మేడం, ఇది మీ అక్కగారు చేసిన హాస్పిటల్ కదా. ఇబ్బందైతే ఇంకొకరికి ఇస్తాను," అన్నాడు టీమ్ లీడ్ ఫోన్‌లో. ఆమె కన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడు. మాట మంచిది.

"ఇబ్బందేముంది? గోడలు గోడలే కదా," అంది.

మొదలుపెట్టాక తెలిసింది, గోడలతో పాటు మనుషులూ ఉన్నారని. ఆసుపత్రి ఆపి స్కాన్ చేయడం కుదరదు కాబట్టి, జనం తిరుగుతూ ఉండగానే చేశారు. నడుస్తున్న మనిషి యంత్రానికి సరిగా దొరకడు. ఒక భుజం ఇక్కడ, ఒక కాలు అక్కడ, మధ్యలో పొగ. ఆఫీసులో వాటిని దయ్యాలంటారు. మోడల్ మొదలుపెట్టే ముందు దయ్యాలన్నిటినీ తుడిచేయాలి. కింది అంతస్తులో నాలుగు వందల పైచిలుకు దయ్యాలను తుడిచింది. ఓపీ వరుసలో నిలబడ్డవాళ్ళను, మెట్ల మీద కూర్చున్నవాళ్ళను, స్ట్రెచర్ తోస్తున్న సగం మనిషిని. చెయ్యి తిరిగిన పనే. చుట్టూ గీత గీసి మీట నొక్కితే మాయం.

రెండో అంతస్తులో ఆడవాళ్ళ వార్డు తెరిచినప్పుడు చెయ్యి ఆగింది.

ఏడో నంబరు మంచం పక్కన ఒక మనిషి నిలబడి ఉంది. చెదరలేదు, పొగ లేదు. పొట్టిగా, ముడి వేసుకున్న జుట్టుతో, కాస్త ముందుకు వంగి. కుడిచెయ్యి మంచం మీద పడుకున్నవాళ్ళ మణికట్టు మీద ఉంది. ఎడమచెయ్యి తన గుండెల దగ్గరకు ఎత్తి ఉంది, గడియారం చూస్తున్నట్టు. నాడి చూస్తున్న నర్సు. నాడి చూసేటప్పుడు నిమిషం పాటు కదలరు. యంత్రం తల ఆ నిమిషంలోనే ఆ పక్కకు తిరిగి ఉంటుంది. అందుకే వార్డంతటిలో ఒక్క ఆమె మాత్రం నిండుగా దొరికింది.

ముఖం తెలియదు. చుక్కలకు ముఖం ఉండదు, ముక్కు దగ్గర ఒక మెరక, అంతే. కానీ ఆ నిలబడడం! ఒక కాలి మీద బరువు వేసి, రెండో కాలి మడమ కాస్త లేపి. వంటింట్లో పప్పు గుత్తి తిప్పేటప్పుడు అక్క అలాగే నిలబడేది.

కొలత సాధనం తీసి నేల మీద ఒక చుక్క, నడినెత్తిన ఒక చుక్క నొక్కింది. పదిహేను వందల ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు. "నేను అయిదడుగుల రెండంగుళాలు" అని అక్క జన్మంతా వాదించేది. వంగి నిలబడింది కాబట్టి ఒక అంగుళం వదిలేద్దామనుకున్నా, ఆ రెండో అంగుళం అబద్ధమే.

"దొరికిపోయావే అక్కా," అంది పైకే. చాలాకాలం తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినిపించింది. వెంటనే కళ్ళు మసకబారాయి.

ఆ రోజు ఆ వార్డు మూసేసి పక్క వార్డు చేసింది. మర్నాడూ అంతే. కానీ పొద్దున్నే కంప్యూటర్ తెరవగానే ఒకసారి ఏడో మంచం దగ్గరికి వెళ్ళి రావడం అలవాటైంది. కాఫీ గ్లాసు పట్టుకుని తెర ముందు కూర్చుని, "ఇవాళ వానొచ్చేలా ఉంది," అనేది. "కింది ఫ్లోరువాళ్ళు మళ్ళీ మోటారు ఆపలేదు," అనేది. మాటల లెక్క పదకొండు దాటింది. పిచ్చి ముదురుతోందేమోనని ఒకపక్క భయమే. అయినా మానలేకపోయింది.

రెండో వారం టీమ్ లీడ్ ఫోన్ చేశాడు. "మేడం, సెకండ్ ఫ్లోర్లో ఒక్క వార్డు ఇంకా పెండింగే చూపిస్తోంది. ఏమైనా సమస్యా?"

"స్తంభాల వరుస కుదరడం లేదు. మళ్ళీ చూస్తున్నా."

"మీకు కుదరకపోవడమా?" అని నవ్వాడు. "సరే, తొందరేం లేదు. ఎలాగూ స్కాన్‌లో దొరకని గదులు కొన్నున్నాయి. తాళాలేసి ఉండి వదిలేసినవి. ఒకసారి సైటుకెళ్ళి టేపుతో కొలుచుకు రావాలి. మీరు వెళ్తారా, ఎవరినైనా పంపనా?"

"నేనే వెళ్తా," అంది, అతను మాట పూర్తి చేయకముందే.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో పని గురించి అబద్ధమాడడం అదే మొదలు.

రెండు రోజుల తర్వాత, మబ్బు పట్టిన ఒక ఉదయం, లాప్‌టాప్ సంచి ఒక భుజాన, టేపు ఒక చేతిలో పట్టుకుని పాత ఆసుపత్రికి వెళ్ళింది. తాళాల గుత్తితో ఎవరో గుమాస్తా వస్తాడనుకుంటే ఆయమ్మ వచ్చింది. అరవైకి దగ్గర పడ్డ మనిషి, గట్టి గొంతు. అక్కతో పాతికేళ్ళు ఆ వార్డుల్లోనే చేసింది. అక్క పోయిన రోజు ఈమె చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించింది కూడా ఆవిడే.

"చిన్నమ్మా! నువ్వా? కొలతలకు ఎవరో ఇంజనీరమ్మ వస్తుందంటే ఎవరో అనుకున్నా. ఎంత చిక్కిపోయావు! తింటున్నావా లేదా?"

"తింటున్నా ఆయమ్మా."

"ఒక్కదానివే వండుకుని తినడం తిండేనా? పద పద. పైన బూజు పట్టి ఉంటుంది, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకో."

రెండో అంతస్తు ఖాళీగా ఉంది. మంచాలు తీసేశారు. నేల మీద వాటి కాళ్ళ గుర్తులు మాత్రం గుండ్రంగా తుప్పు రంగులో మిగిలాయి. ఏ గుర్తులు ఏడో మంచానివో ఆమెకు లెక్క పెట్టకుండానే తెలుసు. అక్కడికి వెళ్ళి నిలబడింది. కాసేపటికి ఇక ఆగలేక కిటికీ గట్టు మీద లాప్‌టాప్ పెట్టి తెరిచింది.

"ఆయమ్మా, ఒకటి చూపిస్తా. ఎవరో చెప్పు."

ఆయమ్మ కళ్ళజోడు సవరించుకుని తెరకేసి వంగింది. మొదట ఏమీ పోల్చుకోలేకపోయింది. "ఇదేంటమ్మా, ఇసకతో చేసిన బొమ్మల్లే ఉంది?" ఆమె మెల్లగా బొమ్మను తిప్పి చూపించింది. అప్పుడు ఆయమ్మ ముఖం విప్పారింది. "ఓరి దేవుడా, మన వార్డే! అదిగో ఆక్సిజన్ సిలిండరు. ఇదిగో నా బకెట్టు! ఆ మూడు కాళ్ళ మిషను వచ్చిన రోజుదా ఇది?"

"ఆ రోజుదే. ఈ నిలబడింది ఎవరు?"

"సిస్టరు."

"ఏ సిస్టరు? అక్కే కదా?"

ఆయమ్మ మళ్ళీ ముందుకు వంగింది. తెరకేసి చూసింది, తర్వాత ఈమె ముఖంలోకి చూసింది. ఆ చూపులోనే జవాబు అర్థమైపోయింది గానీ, చెవులతో వినాలి కదా.

"కాదు చిన్నమ్మా. ఈమె పిల్లల వార్డు సిస్టరు. ఆ నెల ఇక్కడ వేశారు. ఇద్దరూ ఒకటే కొలత, వెనక నుంచి చూస్తే పెద్ద డాక్టరే తికమకపడేవాడు. ఇప్పుడు బదిలీ మీద వేరే ఊరెళ్ళింది."

"నీకెలా తెలుసు? మూడేళ్ళయింది. మర్చిపోయి ఉంటావు."

"ఎందుకు మర్చిపోతా? ఆ వారమంతా మీ అక్కది నైట్ డ్యూటీ. ఆ మిషనాయనతో గొడవపడింది నేనేగా!"

"నైట్ డ్యూటీ అయితే పొద్దున్నే ఇంటికొచ్చేసి ఉంటుంది," అంది ఆమె నీరసంగా. అక్క ఇక్కడ లేకపోతే మానె, కనీసం ఇంట్లో తన మంచం మీద హాయిగా పడుకుని ఉందనుకోవాలనిపించింది.

ఆయమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. చెప్పాలా వద్దా అన్నట్టు కాసేపు తాళాల గుత్తి అటూ ఇటూ తిప్పింది.

"చెప్పొద్దంది. ఇక తనే లేదు, ఎవరికి దాచను? మీ అక్క నైట్ డ్యూటీ దిగాక ఇంటికెళ్ళేది కాదు చిన్నమ్మా. అదిగో, ఆ దుప్పట్ల గదిలో లోపల గడియ పెట్టుకుని పడుకునేది. మధ్యాహ్నం లేచి మొహం కడుక్కుని అప్పుడెళ్ళేది."

"ఎందుకు? మేముండేది ఎంత దూరమని? బస్సెక్కితే పావుగంట!"

"నేనూ అదే అడిగా. 'ఇంట్లో నిద్ర పట్టదే ఆయమ్మా' అంది. 'చెల్లి ఆఫీసుకెళ్ళిపోతుంది. ఇల్లంతా చప్పుడు లేకుండా ఉంటే ఆ చప్పుడు లేకపోవడమే చెవిలో మోగుతుంది. ఇక్కడైతే ట్రాలీలు, పిల్లల ఏడుపులు, నీ తిట్లు. వింటూ వింటూ నిద్రపోతా' అనేది. నా తిట్లు తనకు జోలపాటంట!" ఆయమ్మ నవ్వబోయి ఆగిపోయింది. "ఆ మిషనాయన ఆ తలుపు తియ్యమన్నాడు. లోపల మీ అక్క పడుకుని ఉంది, పాపం రాత్రంతా రెండు కాన్పులు. తాళంచెవి లేదు పొమ్మన్నా. వాదించాడు. నాలుగు తిట్టా. పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు."

ఏం రాసుకున్నాడో ఆమెకు తెలుసు. "గది 214. తాళం వేసి ఉంది. స్కాన్ కాలేదు." స్కాన్‌తో పాటు వచ్చిన జాబితాలో ఆ మాట వారం రోజులుగా చూస్తోంది. మోడల్‌లో ఆ చోట నల్లటి ఖాళీ ఉంది. చుట్టూ కోట్ల చుక్కలు, మధ్యలో ఒక్కటీ లేదు.

కిటికీ గట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నైట్ డ్యూటీ వారాల్లో తను ఆఫీసు నుంచి వచ్చేసరికి అక్క వంటింట్లో ఉండేది. కలిసి తినడానికి గంట, గంటన్నర. ఎనిమిదింటికల్లా అక్క మళ్ళీ డ్యూటీకి బయల్దేరేది. అక్క మంచం మీద దుప్పటి ఎప్పుడు చూసినా ముడత లేకుండా ఉండేది. లేచీ లేవగానే సర్దేస్తుంది, ఎంత శుభ్రమో అనుకునేది తను. ఆ మంచం మీద ఎవరూ పడుకోనే లేదన్న ఆలోచన ఏ రోజూ రాలేదు. రెండు మిల్లీమీటర్ల తేడా పట్టుకునే మనిషి. ఒకే కప్పు కింద ఇరవై రెండేళ్ళు.

"నాకు చెప్పొచ్చు కదా ఆయమ్మా."

"చెబితే నువ్వు ఉద్యోగం మానేస్తావంది. 'దానికి ఆ పనంటే ప్రాణం. నా నిద్ర కోసం దాన్ని ఇంట్లో కూర్చోబెడతానా' అంది."

బయట వాన మొదలైంది. తర్వాత ఆమె లాప్‌టాప్ మూసి, టేపు చేతిలోకి తీసుకుంది.

"ఆ గది తాళం తియ్యి. కొలవాలి."

దుప్పట్ల గది చిన్నది. మూడు వైపులా సిమెంటు అరలు, ఖాళీగా. పైన ఇనప చట్రం కిటికీ. అక్క గుర్తు ఏదైనా ఉంటుందేమోనని కళ్ళు వెతికాయి. ఏమీ లేదు. ఊడ్చి శుభ్రం చేసి ఉంది. గోడవారన, అరల కింద, ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని పడుకునేంత చోటు ఉంది.

"ఈ చివర పట్టుకో ఆయమ్మా. గట్టిగా. వదులైతే లెక్క తప్పుతుంది."

పొడవు మూడు వేల అరవై. వెడల్పు రెండు వేల నాలుగు వందల పది. అర లోతు నాలుగు వందల యాభై. కిటికీ గట్టు ఎత్తు పన్నెండు వందలు. ఒక్కో కొలతా రెండేసిసార్లు తీసింది, పుస్తకంలో రాసుకుంది. చెయ్యి వణకలేదు. పని చేసేటప్పుడు ఆమె చెయ్యి ఎప్పుడూ వణకదు. చివరికి తలుపు దగ్గర ఆగి, "కాసేపు నన్నొదిలెయ్యి," అంది. ఆయమ్మ బయటికెళ్ళి మెట్ల దగ్గర నిలబడింది.

ఆమె అరల కింద, గోడకు ఆనుకుని, నేల మీద కూర్చుంది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ట్రాలీలు లేవు, ఏడుపులు లేవు. ఇప్పుడు ఈ గది కూడా ఇంట్లాగే ఉంది. అక్క దేన్నుంచి పారిపోయి ఇక్కడికి వచ్చేదో, దానిలోనే తను ఏడాదిన్నరగా తలుపులు వేసుకుని కూర్చుందని అప్పుడు తట్టింది. అప్పటికి గాని ఏడుపు రాలేదు. వచ్చాక చాలాసేపు ఆగలేదు.

ఇద్దరూ కిందికి దిగారు. గేటు దగ్గర ఆయమ్మ, "కొత్త బ్లాకులో నాలుగో అంతస్తులో ఉంటా. వస్తూ ఉండు," అంది. వస్తానంది. ఆ తర్వాత ఒకటి రెండుసార్లు వెళ్ళింది కూడా. ఆయమ్మకు క్షణం తీరిక లేదు. ఇద్దరి మధ్యా అక్క తప్ప ఇంకో మాట లేదు. అది ఎంతసేపని మాట్లాడతారు?

మర్నాడు ఆడవాళ్ళ వార్డు తెరిచింది. ఏడో మంచం దగ్గర ఆ సిస్టరు ఇంకా నాడి చూస్తూనే ఉంది. ఎవరో పరాయి మనిషి అని తెలిశాక తుడిచేయడం తేలికవుతుందనుకుంది. కాలేదు. పది రోజులు పొద్దున్నే పలకరించిన మనిషి. ఏ ఊళ్ళో ఉందో, ఇలా ఒక తెలియని ఇంట్లో కాఫీ వేళకు తోడున్నానని ఆమెకు ఎప్పటికీ తెలియదు. చుట్టూ గీత గీసి మీట నొక్కింది. మంచం, మంచం మీది మనిషి, సిస్టరు అన్నీ పోయి నేల మిగిలింది. స్తంభాల వరుస ఇట్టే కుదిరింది. అది ఎప్పుడూ కుదిరే ఉంది.

తర్వాత 214 కట్టింది. చుక్కలు లేని చోట, చేత్తో తీసిన కొలతలతో నాలుగు గోడలు, మూడు అరలు, ఒక కిటికీ. ఆ గది ముందు ముందు కంప్యూటర్ సర్వర్ల గది అవుతుందని కొత్త ప్లానులో ఉంది. ఆ పేరే రాసింది.

మోడల్ అందిన రోజు టీమ్ లీడ్ ఫోన్ చేసి, "ఒక్క తప్పు కూడా లేదు మేడం," అన్నాడు.

"బాబూ, సోమవారం నుంచి నేను ఆఫీసుకొస్తా," అంది ఆమె.

"అవసరం లేదు మేడం, మీరు హాయిగా ఇంటి నుంచే..."

"నాకు అవసరం."

అతను, "మీ పాత బల్ల మీద ప్రింటర్ పెట్టేశాం మేడం. నడవ పక్కన సీటుంది. అక్కడ గోల ఎక్కువ, అందరూ అటే తిరుగుతుంటారు. పరవాలేదా?" అన్నాడు.

"అదే ఇవ్వండి," అంది.

సోమవారం ఆమె అక్కడే కూర్చుంది. కొత్తవాళ్ళెవరూ ఆమెను ఎరగరు. పాతవాళ్ళు పలకరించి తమ పనుల్లో పడిపోయారు. మధ్యాహ్నం అందరూ గుంపులుగా భోజనానికి వెళ్తే ఆమె తన డబ్బా తెరిచి ఒక్కతే తింది. వెనక ఎవరో ఫోన్‌లో పోట్లాడుతున్నారు. ప్రింటర్ గీరుకుంటోంది. ఎవరో కుర్చీ ఈడుస్తున్నారు. ఆమె ఆ చప్పుడంతటి మధ్యా కూర్చుని, తర్వాతి భవనం తెరిచి, మొదటి గోడ కొలత చూసుకుంది.